వనవిహారానికి సెలవు

అష్టాదశ వర్ణనలలో వనవిహారం ఒకటి, జలక్రీడ ఒకటి, ప్రయాణం ఒకటి అని పాతికేండ్లుగా తరగతిలో పాఠం చెపుతున్నాను. కావ్యంలో యుద్ధంతోపాటు విహారానికి కూడ చోటిచ్చిన మన ఆలంకారికులు ఎంత లోకజ్ఞులో ఈ మధ్యనే తెలిసివచ్చింది.

మూసాపేటలో మా ఇంటి పై అంతస్తున ఒక యువదంపతులున్నారు. ఆమె ఉపాధ్యాయిని, ఉదయం ఏడు గంటలకే బడికి బయలుదేరుతుంది. అతనికి హైటెక్ సిటీలో ఉద్యోగం. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట ఆ దిక్కున, అమెరికావారి పగటికోసం మన రాత్రులు మేలుకొనే కొలువులు పెరిగినవి. అతడు మెట్లెక్కే వేళకు ఆమె దిగుతూ ఉంటుంది. తాళపుచెవి చేతులు మారుతుంది. అంతటితో సంభాషణ ముగుస్తుంది. ఒకే ఇంటిలో విప్రలంభమన్నమాట!

మొన్న సాయంకాలం ఇద్దరూ వచ్చి, "మాస్టారూ, ఒక్కరోజు మేమిద్దరమే ఎక్కడికైనా పోయి రావాలని ఉంది. పెద్దవాళ్ళకు ఏమని చెప్పమంటారు?" అని అడిగారు. గమ్యంకంటె ముందు సాకు వెదకుకొనడం నాకు కష్టం కలిగించింది. తిరుపతికంటే సరే, పెండ్లికంటే సరే. ఊరక ఇద్దరమే అంటే తప్పు చేసినట్లు తలవంచుకొంటాము. "విహారానికనే చెప్పండి" అన్నాను.

అనంతగిరికి వెళ్ళమన్నాను. వికారాబాదు చేరువనున్న ఆ గుట్టలలోనే మూసీనది పుట్టినది. మాకు దగ్గరి భరత్‌నగర్ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. ఎక్కి, లింగంపల్లిలో దిగి, వికారాబాదులో ఆగే రైలు అందుకోవాలి. అక్కడి నుండి ఆటో. వానలు పడిన తరువాత అడవి పచ్చగా ఉంటుంది. ఆదివారం జనసమ్మర్దం, కనుక ఆమెకు బడి లేని రెండవ శనివారం మేలు. అయితే ముందటి రాత్రి అతడు కొలువుకు సెలవు పెట్టవలె. నిద్రలేని కన్నులతో చేసేది విహారం కాదు. ఆ ఒక్క సెలవే ఈ ప్రయాణానికి అసలు ఖర్చు. పులిహోర డబ్బాకు మూత గట్టిదై ఉండాలి, కోతులున్నవి. ఫోనులు సంచి అడుగున ఉండాలి.

వసుచరిత్రలో గిరిక నదికీ కొండకూ పుట్టిన బిడ్డ. వసురాజుకు ఆమె సంగతి తెలిసింది రాచకొలువులో కాదు, కొండకు విహారం వెళ్ళినప్పుడు.

నగరంలో మూసీని మనం ముక్కు మూసుకొని దాటుతాము. 1908 వరదలో అది వేల ప్రాణాలు తీసినది. 1920లో పూర్తయిన గండిపేట కట్ట వెనుక నిలిచి నగరం దాహం తీర్చినది. ఇంత బరువు మోసిన నది కూడ చెట్లనీడన సన్నని ధారగా మొదలైనదే. సంసారమూ అంతే. అప్పుడప్పుడు మొదటి తేటను చూచి వస్తే దిగువనున్న బురదను ఓర్చుకోవచ్చు.

వారు వెళ్ళిన పిదప మా గృహిణి కాఫీ గ్లాసులు తీస్తూ, "ఇన్నేళ్ళలో మనం వెళ్ళినవన్నీ తీర్థాలూ, పెండ్లిండ్లూ, పరామర్శలూనండీ" అన్నది. నిందగా అనలేదు, లెక్కగా అన్నది. అందువల్ల మరింత తగిలినది.

మరునాడు కళాశాలలో సెలవుచీటీ తీసుకొని, కారణమన్నచోట 'స్వకార్యం' అని వ్రాశాను. వారికి చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. దానిని కొట్టివేసి, 'భార్యతో విహారం' అని వ్రాసి ఇచ్చాను.