‘విటమినే కదా’ అని మానేయకండి!

పొద్దున్నే లేచి జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతోందా? కుక్కరు మూత తిప్పలేక పిల్లల్ని పిలుస్తున్నారా? వేళ్ల కణుపులు వాచి, గంటసేపు గడిస్తేగాని చెయ్యి స్వాధీనంలోకి రావడంలేదా? రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వచ్చిన ఇల్లాలికి ఈ బాధలు ఒకరు చెప్పనక్కర్లేదు. మగవాళ్లకన్నా మనకే ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ.

మా మేనత్త సంగతి చెబుతాను. ఆవిడకి డాక్టరు మెథోట్రెక్సేట్ మాత్ర రాశారు, వారానికి ఒక్కసారి. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ అనే చిన్న మాత్ర. మూడు నెలలు తిరిగేసరికి వేళ్లు కదిలాయి. వాకిట్లో మళ్లీ ముగ్గు పెట్టింది. ఆ సంతోషంలో ఉండగా ఒక నెల ఫోలిక్ యాసిడ్ అయిపోయింది. ‘అది బలానికిచ్చే విటమినే కదా, మందుల ఖర్చు కొంతైనా తగ్గుతుంది’ అనుకుని ఊరుకుంది.

కొన్ని వారాలకి నోరంతా పూసింది. చారన్నం కూడా మంటే! ‘వేడి చేసింది’ అన్నారు ఇంట్లో అందరూ. మజ్జిగ, సబ్జా నీళ్లు, కొబ్బరినీళ్లు అన్నీ అయ్యాయి. తగ్గలేదు సరికదా వికారం, దువ్వెన నిండా జుట్టు. ‘ఈ పాడు మందు నాకు పడలేదు’ అని చివరికి అసలు మందే మానేసింది. రెండు నెలల్లో వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. కోడలు పాత చీటీ తీసి, ఖాళీ అట్టలు పక్కన పెట్టి చూసుకుంటేగాని అసలు విషయం బయటపడలేదు.

ఇంతకీ ఆ చిన్న మాత్రకి అంత పనేమిటి? ఫోలిక్ యాసిడ్ అంటే బి విటమిన్లలో ఒకటి. నోటి లోపలి పొర, పేగుల పొర, రక్తకణాలు, జుట్టు కుదుళ్లు ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతుంటాయి. ఆ పనికి ఈ విటమిన్ కావాలి. మెథోట్రెక్సేట్ సరిగ్గా దీనికే అడ్డుపడుతుంది. అందుకే నోటిపూత, వికారం, జుట్టు రాలడం, కొందరిలో కాలేయం పరీక్షల్లో అంకెలు పెరగడం. ఫోలిక్ యాసిడ్ తోడుంటే వికారం, కాలేయం ఇబ్బందులు బాగా తగ్గుతాయి, మందు మధ్యలో మానేసేవాళ్లూ తగ్గుతారు.

‘విరుగుడు వేసుకుంటే మందు పని చెడదా?’ అని మీకు అనుమానం రావచ్చు. మంచి ప్రశ్నే. కీళ్లవాతానికి ఇచ్చే తక్కువ మోతాదులో ఈ మందు వాపుని తగ్గించేది చాలావరకు వేరే దారిలో. కాబట్టి డాక్టరు చెప్పిన మోతాదులో ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే గుణం పోదు.

ఇంకో ముచ్చట. మెథోట్రెక్సేట్ పుట్టిందీ, ఫోలిక్ యాసిడ్‌ని మొదట కృత్రిమంగా తయారుచేసిందీ 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలోనే. అక్కడి పరిశోధనకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మొదట్లో ఆ మందు పిల్లల రక్త కేన్సరు కోసం. కీళ్లవాతానికి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది 1988లో.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసిన మాట. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలమీదికి తెచ్చుకున్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పైగా ఈ మాత్రా, ఫోలిక్ యాసిడ్ మాత్రా రెండూ చిన్నవి, చాలాసార్లు రెండూ పసుపుపచ్చనివే! ఒకే డబ్బాలో పొయ్యకండి. వంటింట్లో గోడ క్యాలెండరు మీద మెథోట్రెక్సేట్ రోజుకి ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. ఫోలిక్ యాసిడ్‌ని ఎక్కువమంది డాక్టర్లు వారానికి 5 మిల్లీగ్రాములు, మర్నాడో ఆపై రోజో వేసుకోమంటారు. కొందరికి ఇంకా ఎక్కువ రోజులు రాస్తారు. మీ చీటీలో ఉన్నదే మీకు లెక్క. మెథోట్రెక్సేట్ వేసుకునే రోజున మాత్రం మామూలుగా ఇది వద్దంటారు. శనివారం ఒంటిపొద్దు ఉండేవాళ్లు ఎర్ర సున్నా ఆ రోజుకి పెట్టుకోవద్దు, ఖాళీ కడుపుతో వికారం ఎక్కువ. రాత్రి భోజనం చేసి, మాత్ర వేసుకుని పడుకుంటే సగం వికారం నిద్రలోనే పోతుంది. వరసగా రెండు మూడు రోజులు వేసేసుకున్నారని తెలిస్తే, ఒంట్లో బాగానే ఉన్నా సరే, అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్లండి. దానికి విరుగుడు ఇంజెక్షను ఉంది, ఆలస్యం చెయ్యకూడదంతే.

‘మాత్ర బదులు పాలకూర తింటే చాలదా?’ అంటారు. పాలకూర, తోటకూర, పెసలు, శనగలు అన్నిట్లో ఈ విటమిన్ ఉంది, తినండి. కాని ఉడికించి నీళ్లు వార్చేస్తే అందులో చాలాభాగం పోతుంది. మాత్రకి అవి సాయమేగాని బదులు కావు.

ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ కూడా వాడుతున్నవాళ్లకి ఎముకలు గుల్లబారే భయం ఉంది. కాల్షియం, విటమిన్ డి గురించి డాక్టరుని మీరే అడగండి. రాగిజావ, పెరుగు, నువ్వులపొడి రోజూ ఏదో రూపంలో పడనివ్వండి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దానికీ కాల్షియం మాత్రకీ నాలుగు గంటల ఎడం ఉంచాలి. స్టెరాయిడ్‌ని మాత్రం ఒక్కసారిగా ఆపకండి.

పక్కింటివాళ్లు చెప్పే కషాయాల దగ్గర నాకు భయం. తిప్పతీగ కషాయం తాగి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి సంగతి ముంబయి డాక్టర్లు 2021లో రాశారు. అసలే కాలేయం మీద కన్నేసి ఉంచవలసిన మందు వాడుతూ అలాంటివి ఎందుకు? కూరలో పసుపు ఎంతైనా వేసుకోండి. పసుపు సారం బిళ్లలు మాత్రం అడక్కుండా వద్దు. జలుబనో, మూత్రంలో మంటనో సొంతంగా సెప్ట్రాన్ తెచ్చుకోవద్దు. మెథోట్రెక్సేట్‌తో అది కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

పిల్లలు పుట్టవలసిన వయసులో ఉన్న కోడళ్లు, కూతుళ్లు ఈ మందు వాడుతుంటే గర్భం రాకుండా చూసుకోవాలి, కడుపులో బిడ్డకి హాని. బిడ్డ కావాలనుకుంటే కొన్ని నెలల ముందే డాక్టరుకి చెప్పి మందు మార్పించుకోవాలి. అత్తగారి ముందు అడగడానికి సిగ్గుపడే విషయం కాదిది.

రక్తపరీక్షలు మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, కుదురుకున్నాక రెండు మూడు నెలలకోసారి. జ్వరం, నోటిపూత, పొడిదగ్గుతో ఆయాసం, కళ్లు పచ్చబడడం, ఊరికే నల్లమచ్చలు పడడం లాంటివి కనిపిస్తే తర్వాతి వారం మాత్ర వేసుకోకుండా ముందు డాక్టరుకి చూపించండి.

మా మేనత్త మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కోడలు మందుల అట్టలన్నీ సంచిలో వేసింది. అడుగున ఎవరో ఇచ్చిన కషాయం సీసా కూడా ఉంది. డాక్టరు ముందు ఆ సీసా తీసి పక్కన పెట్టి, తర్వాతే చీటీ రాశారట.