కొరియా కిమ్చిలో మన రొయ్య

నెల్లూరుకు దక్షిణాన, తడ సమీపంలోని శ్రీసిటీలో 2025 మేలో ఎల్‌జీ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. కొరియా పరిశ్రమ వచ్చిన చోటికి ఆ దేశపు వంట కూడా రావడం చెన్నై, పెనుకొండల్లో చూసిందే. కనుక ఆ భోజనపు తీరు తెలిసి ఉండడం మంచిది.

చిన్న కొరియా భోజనశాలలో అన్నం, సూపుతోపాటు చిన్న గిన్నెల్లో 'పన్‌చన్‌' అనే నంజుకొనే పదార్థాలు పెడతారు. వీటికి సాధారణంగా వేరే ధర ఉండదు, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. పెద్దలు చెంచా అందుకున్నాకే పిన్నలు తినడం అక్కడి మర్యాద.

పన్‌చన్‌లో తప్పనిసరి కిమ్చి. ఉప్పులో ఊరిన క్యాబేజీకి కారం, అల్లం, వెల్లుల్లి పట్టించి పులియబెడతారు. చూపునకు అచ్చంగా శాకాహారమే. కానీ అందులో ఉప్పులో మాగిన చిన్న రొయ్యలో, చేపల రసమో కలపడం పరిపాటి. సూపునకూ తరచుగా ఎండు నెత్తళ్లు మరిగించిన నీరే ఆధారం. ఇస్కపల్లి, జువ్వలదిన్నె వాసులకు ఆ వాసన కొత్తేమీ కాదు. శాకాహారులు, రొయ్యలు పడనివారు మాత్రం వడ్డించకముందే అడగాలి. రొయ్యలు లేని కిమ్చి కూడా ఉంది. కొరియా బౌద్ధాలయాల్లోనైతే వెల్లుల్లి సైతం వేయరు.