స్తోత్రం చెప్పడమంటే సర్దుకుపోవడం కాదు

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఏదైనా మంచి జరిగితే కృతజ్ఞత కూటం పెట్టుకోవడం ఆనవాయితీ. ఇల్లు కట్టుకున్నా, పిల్లలకు ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ తర్వాత పెద్దవారు క్షేమంగా ఇంటికి చేరినా పాస్టరుగారిని పిలిచి, పాటలు పాడి, వాక్యం చెప్పించుకుని, వచ్చినవారికి భోజనం పెడతారు. అందినదాన్ని గుర్తుపెట్టుకుని నలుగురి ముందూ చెప్పుకోవడం మంచి అలవాటే.

అయితే అదే కృతజ్ఞత మాట మరోచోట బరువుగా వినిపిస్తుంది. భర్త చేతిలో దెబ్బలు తింటున్న భార్యకూ, నెలల తరబడి జీతం అందని కార్మికుడికీ కొందరు ‘అన్నిటికీ స్తోత్రం చెప్పుకో’ అని సలహా ఇస్తుంటారు. ప్రశ్నించకుండా భరించడమే విశ్వాసమన్న అర్థం అందులో ధ్వనిస్తుంది. బైబిల్ అడుగుతున్నది నిజంగా అదేనా?

ఇలాంటి సలహాకు తరచూ ఆధారంగా చూపేది థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం, 18వ వచనం. దాదాపు క్రీ.శ. 50 ప్రాంతంలో, హింసను ఎదుర్కొంటున్న ఓ చిన్న సంఘానికి రాసిన ఉత్తరమిది. అక్కడి గ్రీకు మాటకు ‘ప్రతి పరిస్థితిలోనూ’ అని అర్థం. కష్టంలో ఉన్నప్పుడు కూడా దేవునికి కృతజ్ఞులై ఉండమనడం వేరు, ఆ కష్టమే మంచిదనుకోమనడం వేరు. పైగా మూడు వచనాల తర్వాత, 21వ వచనంలో, అన్నిటినీ పరీక్షించి మేలైనదాన్నే పట్టుకోమని పౌలు చెబుతాడు. ప్రవచనాలను తృణీకరించవద్దన్న వెంటనే ఈ హెచ్చరిక రావడం గమనించాలి. దేవుని పేరుతో వచ్చిన మాటనైనా పరీక్షించాల్సిందే.

ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 20వ వచనంలో ‘అన్నిటి కోసం’ కృతజ్ఞత చెప్పాలని ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అదే అధ్యాయంలో పది వచనాలు వెనక్కి వెళ్తే, దేవునికి ఏది ఇష్టమో పరీక్షించి తెలుసుకోమని, చీకటి పనుల్లో పాలుపంచుకోకుండా వాటిని బయటపెట్టమని కనిపిస్తుంది. ఈ రెండు పత్రికల్లోనూ ‘పరీక్షించడం’ అన్నచోట వాడిన గ్రీకు క్రియ ఒకటే. లోహం అసలుదో నకిలీదో తేల్చడానికి కూడా ఆ మాటే వాడేవారు. అంటే కృతజ్ఞత ఉన్న రెండు చోట్లా దాని పక్కనే వివేచన ఉంది.

ఈ రెండింటినీ కలిపి రోజువారీ సాధనగా మలిచినవారిలో లొయోలా ఇగ్నేషియస్ ముఖ్యుడు. 1521లో పాంప్లోనా కోట పోరులో ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. మంచంలో ఉండగా చదువుకోవడానికి వీరగాథలు అడిగితే ఇంట్లో దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల కథలు. రాచకొలువు, పరాక్రమాల గురించి కలలు కన్నప్పుడు ఆ కాసేపూ ఆనందంగా ఉండి, తర్వాత మనసు ఎండిపోయినట్టు అనిపించేది. పునీతుల్లా జీవించాలని తలచినప్పటి సంతోషం మాత్రం ఆ తర్వాత కూడా నిలిచేది. ఆ తేడాను గమనించడమే ఆయన వివేచన పద్ధతికి మొదలు. తర్వాత ఆయన స్థాపించిన యేసు సభ పేరు విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల ద్వారా తెలుగువారికీ పరిచయమే.

ఆయన ‘ఆధ్యాత్మిక సాధనలు’ గ్రంథానికి 1548లో పోప్ మూడవ పాల్ ఆమోదం లభించింది. అందులోని ఆత్మపరిశీలనలో ఐదు మెట్లున్నాయి. మొదటిది అందుకున్న మేళ్లకు కృతజ్ఞత చెప్పడం. తర్వాత తన తప్పులను గుర్తించే కృప అడగడం, నిద్ర లేచింది మొదలు గంట గంటనూ తరచి చూసుకోవడం, క్షమాపణ కోరడం, చివరగా దిద్దుకోవాలని తీర్మానించుకోవడం. తప్పుల లెక్క కంటే ముందు మేళ్ల లెక్క తీయడంలో ఓ ఔచిత్యం ఉంది. తనను ప్రేమించేవారి ఎదుట నిలబడ్డాననే ధైర్యం ఉన్న మనిషే తన తప్పును దాచుకోకుండా చూసుకోగలడు.

ఇందుకు ఖర్చు లేదు, పట్టేది కొద్ది నిమిషాలే. పడుకునే ముందు ఆ రోజు ఎవరివల్ల ఏం అందిందో పేరుపేరునా తలచుకోవచ్చు. ఏ మాట, ఏ పని తర్వాత మనసు నెమ్మదించిందో, ఏది లోపల వెలితి మిగిల్చిందో చూసుకోవచ్చు. రేపు మార్చుకోవలసిన ఒక్క విషయాన్ని ఎంచుకోవచ్చు.

ఇలా చూస్తే దెబ్బలు తింటున్న స్త్రీ కృతజ్ఞత చెప్పాల్సింది దెబ్బలకు కాదు. ఆమెను ఇంట్లోకి రానిచ్చి తలుపేసిన పొరుగింటావిడకు, ఫిర్యాదు రాయడానికి తోడొచ్చిన తమ్ముడికి, భయంలోనూ తనను విడిచిపెట్టలేదని ఆమె నమ్మే దేవునికి. ఫిర్యాదు చేయడం విశ్వాసం లేకపోవడం కాదు. చీకటి పనులను బయటపెట్టమన్న మాటకు అది విధేయత.