నరం తేలిన చేయి... దాచుకోవలసిన చేయి

ప్రొద్దుటూరు: ఎండన పడి పని చేసి చెట్టు నీడకు వచ్చిన కూలీ చేతులు చూడండి. కుడి ముంజేతి మీద నరాలు తాళ్ళలా ఉబికి ఉంటాయి. ఎడమ చేతిలో అంతగా కనిపించవు. ఆ చేతిలో నెత్తురు తగ్గిందేమోనని బెంగపడేవారు ఉన్నారు. బెంగ అక్కరలేదు.

మనం నరాలు అంటున్నవి నిజానికి సిరలు. వాడిన రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే పలుచని గొట్టాలు. పని చేసే కండకు రక్తం ఎక్కువగా వస్తుంది, వచ్చిందంతా తిరిగి పోవాలి. కండ బిగిసినప్పుడు లోపలి సిరలు నొక్కుకుని రక్తం చర్మం కిందికి మళ్ళుతుంది. వేడికి ఆ సిరలు మరింత విప్పారుతాయి. చర్మం కింద కొవ్వు తక్కువైతే ఇంకా బాగా కనిపిస్తాయి. అందుకే నరం చూసి బలం లెక్కకట్టరాదు. బక్క మనిషికి తేలిన నరం లావుపాటి వస్తాదుకు తేలకపోవచ్చు.

బలంలో తేడా మాత్రం ఉంది. కుడిచేతి వాటం వారికి కుడి పిడికిలి పట్టు ఎడమ కంటే సుమారు 10 శాతం ఎక్కువ. పుర్రచేతి వారిలో ఈ తేడా తక్కువ. కత్తెర మొదలు చాలా పనిముట్లు కుడిచేతికే చేసినవి కనుక, వారు రెండు చేతులూ వాడక తప్పదు.

పనిని బట్టి కూడా మారుతుంది. జమ్మలమడుగు వైపు నాపరాళ్ళు కొట్టేవారికి సుత్తి చేయి ముందు. పులివెందుల చీనీ తోటల్లో పాదులు తవ్వే పార రెండు చేతులనూ అడుగుతుంది. ప్రొద్దుటూరు చేనేత మగ్గం మీద కుడిచేయి తాడు లాగితే, ఎడమచేయి పోగును దగ్గరకు కొడుతుంది. నేతగానికి ఏ చేయీ ఖాళీ కాదు.

అయితే ఒక చేయి ఉన్నట్టుండి వాచి, బరువెక్కి, నీలి నరాలు భుజం దాకా తేలితే అది పని వల్ల వచ్చిన తేడా అనుకోవద్దు. సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. మాలీషు చేయించకుండా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఇక పెద్దగా తేలని ఆ ఎడమ చేతి సంగతి. చక్కెర జబ్బు, రక్తపోటు ఏళ్ళ తరబడి అదుపు తప్పితే మూత్రపిండాలు చెడిపోతాయి. అప్పుడు యంత్రంతో రక్తం శుద్ధి చేయించుకోవాలి. వారానికి రెండు మూడుసార్లు, సారికి 4 గంటలు. దానికి రక్తం ధారగా రావాలి, మామూలు సిర అంత ఇవ్వదు. 1966లో అమెరికాలో బ్రెసియా, సిమినో అనే వైద్యులు, శస్త్రవైద్యుడు అప్పెల్ దీనికి దారి చూపారు. మణికట్టు దగ్గర ధమనిని పక్కనున్న సిరకు కలిపి కుట్టారు. ధమని వేగానికి సిర లావై, గోడ గట్టిపడి, మళ్ళీ మళ్ళీ సూది గుచ్చినా తట్టుకుంటుంది. దీన్నే ఫిస్టులా అంటారు. సాధారణంగా వాటం లేని చేతికే ముందుగా చేస్తారు, పని చేసే చేయి మిగలాలి కదా.

మన ఊళ్ళలో నీరసం అంటే చాలు, గ్లూకోజు ఎక్కించమంటాం. కుడిచేయి ఖాళీగా ఉండాలని ఎడమచేయే చాపుతాం. గుచ్చి గుచ్చి ఆ సిర మూసుకుపోతే తర్వాత ఫిస్టులాకు చోటు దొరకదు. మూత్రపిండాల జబ్బు బయటపడినవారు సూది వేసేవారికి ముందే చెప్పాలి: ఎడమ ముంజేయి వదిలి, చేతి వెనుక భాగంలో వేయమని. పుర్రచేతి వారు కుడిచేయి దాచుకోవాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఈ పట్టింపు వద్దు.

నేతపని వారు ఆపరేషనుకు ముందే తమ ఎడమచేయి ఏ పని చేస్తుందో వైద్యునికి వివరించాలి. ఫిస్టులా పక్వానికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ చేతికి రక్తపోటు పట్టీ చుట్టనివ్వకూడదు, బిగుతు గాజులు, గడియారం వేయకూడదు, దాని మీద తలపెట్టి పడుకోకూడదు. వేలు ఆనిస్తే సన్నగా జుమ్మని అదురు తెలుస్తుంది. రోజూ తాకి చూసుకోవాలి. అదురు ఆగితే మరునాటి దాకా ఉండక ఆసుపత్రికి బయలుదేరాలి.