మీకు తెలుసా? ‘ఆడవాళ్లకు మాత్రమే’ అన్నచోట చట్టం ఏమంటుంది

హైదరాబాదులోని సైనిక్‌పురి మాజీ సైనికుల కోసం వెలిసిన కాలనీ. తొలినాళ్లలో ఇక్కడ ఇళ్లు కట్టుకున్న పెద్దలు యూనిఫాం వేసుకున్న కాలంలో, వైద్య విభాగాలను పక్కన పెడితే, సైన్యంలో ఆడ ఆఫీసర్లే లేరు. 1992లో గానీ ఆ దారి తెరుచుకోలేదు. ఒక చోటును ఆడవాళ్లకో మగవాళ్లకో మాత్రమే కేటాయించవచ్చా, కేటాయిస్తే లోపలికి ఎవరు రావచ్చు అన్న వాదన ఇవాళ లండన్ నుంచి అమరావతి దాకా కోర్టుల్లో వినిపిస్తోంది. ఇందులో మన తెలుగు నేల మీది తీర్పులూ, శాసనాలూ చాలానే ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ గోడ ఎవరి మేలు కోసం కట్టారు?

సైన్యంలో మగవాళ్లకు చోటులేని విభాగం ఒకటుందని తెలుసా?

అది మిలిటరీ నర్సింగ్ సర్వీస్. 1943 నాటి ఆర్డినెన్సు ప్రకారం అందులో ఆఫీసర్లుగా స్త్రీలనే తీసుకుంటారు. నర్సింగ్ చదివిన మగవాళ్ల తరఫున ఢిల్లీ హైకోర్టులో దీనిపై సవాలు కూడా నడిచింది. అందరూ ఆడవాళ్లే కాబట్టి నియమాలు కూడా వాళ్లకు అనుకూలంగానే ఉండి ఉంటాయని అనుకుంటాం. సైనిక్‌పురికి అంత దూరం కాని సికింద్రాబాద్ మిలిటరీ ఆస్పత్రిలో లెఫ్టినెంట్‌గా కమిషన్ పొందిన ఒక నర్సింగ్ ఆఫీసరుకు జరిగింది వేరు. ఆమె ఒక ఆర్మీ ఆఫీసరును పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి కారణంగా 1988 ఆగస్టులో ఆమెను సర్వీసు నుంచి పంపించేశారు. 1977 నాటి ఒక ఆర్మీ ఉత్తర్వు అందుకు వీలిచ్చింది. పెళ్లయితే ఉద్యోగం పోవడమన్నది నర్సింగ్ ఆఫీసర్లైన ఆడవాళ్లకే వర్తించేది. 1995లో ఆ ఉత్తర్వును ఉపసంహరించినా ఆమె ఉద్యోగం తిరిగి రాలేదు. 2016లో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆమె పక్షాన తీర్పిస్తే కేంద్రం అప్పీలుకు వెళ్లింది. చివరకు 2024 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఆ నియమం పూర్తిగా ఏకపక్షమని తేల్చి, ఆమెకు 60 లక్షల రూపాయలు చెల్లించమంది. మధ్యలో 36 ఏళ్లు గడిచిపోయాయి. ఆడవాళ్లతోనే నిండిన సర్వీసులో ఆడవాళ్లకు ఇంతటి అన్యాయం రాతపూర్వకంగా ఉండేదంటే, ఎవరు లోపలున్నారని చూస్తే చాలదు, నియమాలు ఎవరు రాశారో కూడా చూడాలి.

రాజ్యాంగంలో ఒక జాబితాలో ‘లింగం’ ఉంది, మరో జాబితాలో లేదు

15వ అధికరణ రెండో క్లాజు దుకాణాలు, హోటళ్లు, వినోదశాలలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అంటూ పేరుపేరునా చెబుతుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు చూసి వీటిలోకి ఎవరినీ రావద్దనకూడదు. ఆ వెంటనే మూడో క్లాజు: స్త్రీలకు, పిల్లలకు ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చేస్తే ఈ అధికరణ అడ్డురాదు. లేడీస్ కోచ్‌కైనా, సిటీ బస్సులో ముందు సీట్లకైనా ఆధారం ఆ ఒక్క వాక్యమే.

29వ అధికరణ ఇంకా ఆసక్తికరం. ప్రభుత్వ విద్యాసంస్థల్లో, సర్కారు సాయం పొందే విద్యాసంస్థల్లో మతం, జాతి, కులం, భాష చూసి సీటు నిరాకరించకూడదని అక్కడుంది. ఆ వరసలో లింగం లేదు. అందుకే 1924లో మొదలై ఇవాళ చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయమైన కోఠి మహిళా కళాశాలకు గానీ, 1983లో తిరుపతిలో పెట్టిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికి గానీ రాజ్యాంగం నుంచి చిక్కు లేదు.

మరి ఏ.ఎస్.రావు నగర్‌లో ఎవరైనా ఆడవాళ్లకే అంటూ ప్రైవేటు జిమ్ తెరిస్తే? 15వ అధికరణ మూడో క్లాజులోని వెసులుబాటు ఇచ్చింది ప్రభుత్వానికే, ప్రైవేటు యజమానికి కాదు. బ్రిటన్‌లో ఉన్నట్టు ఇలాంటివన్నీ ఒకేచోట చెప్పే సమగ్ర సమానత్వ చట్టం మన దేశంలో లేదు. ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఈ విషయంలో ఒక ముఖ్యమైన తీర్పు ఆంధ్రప్రదేశ్ సర్వీసు నిబంధన మీద వచ్చింది

1984లో రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగ నిబంధనల్లో 22-ఏ అని ఒకటి చేర్చింది. కొన్ని పోస్టులు పూర్తిగా స్త్రీలకే. స్త్రీపురుషులు సమానంగా పనికొచ్చే పోస్టుల్లో, మిగతా అర్హతలు సమానమైతే, కనీసం 30 శాతం మేర స్త్రీలకు ప్రాధాన్యం. ఈ ప్రాధాన్యాన్ని హైకోర్టు కొట్టేసింది. 1995లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసి నిబంధనను నిలబెట్టింది. తీర్పు రాసింది జస్టిస్ సుజాతా మనోహర్. పి.బి.విజయకుమార్ కేసుగా దీన్ని ఇప్పటికీ దేశమంతా ఉదహరిస్తారు.

రక్షణ పేరుతో పెట్టిన గోడను కూల్చిన తీర్పూ ఇక్కడిదే

1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా ఆడవాళ్లతో ఫ్యాక్టరీలో పని చేయించకూడదని ఉండేది. 2002లో త్రివేణి కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. రాత్రి వేళ రక్షణ కల్పించాల్సిన బాధ్యతను యజమాని మీద పెట్టకుండా, ఆడమనిషి ఉపాధి మీద కోత పెట్టిన సెక్షన్ అది.

రైలు, బస్సు

లేడీస్ కోచ్‌లో మగవాళ్లు ఎక్కితే 500 రూపాయల వరకు జరిమానా అని 1989 రైల్వే చట్టం 162వ సెక్షన్ రాసింది. టికెట్ కూడా రద్దవుతుంది. బస్సుల సంగతికొస్తే, 2023 డిసెంబరు 9న తెలంగాణలో మొదలైన మహాలక్ష్మి పథకం కింద జీరో టికెట్ ఆడవాళ్లతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ఇస్తారు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన స్త్రీ శక్తి పథకం కూడా అంతే. ఆడవాళ్లకన్న ఏర్పాటు ట్రాన్స్‌జెండర్లకూ వర్తిస్తుందా అని కోర్టులు ఇంకా తర్జనభర్జన పడుతున్న ప్రశ్నకు మన ఆర్టీసీ కండక్టర్లు రోజూ జవాబు చెబుతున్నారు.

నుమాయిష్‌లో ఒక రోజు

నాంపల్లి ఎగ్జిబిషన్‌లో ఏటా ‘లేడీస్ డే’ ఉంటుంది. ఆ రోజు ఆడవాళ్లు, చిన్నపిల్లలే లోపలికి వెళ్తారు. ఇంట్లోంచి కదలనివ్వని కుటుంబాల స్త్రీలు కూడా ఆ ఒక్క రోజు బయటికి రాగలిగారంటే ఆ ఏర్పాటు చేసిన మేలు చిన్నది కాదు. ఇదే నగరంలో దారుల్‌షిఫాలోని ఇబాదత్‌ఖానాలో మాత్రం అఖ్బారీ శాఖ షియా స్త్రీలు తమను మజ్లిస్‌లకు, ప్రార్థనలకు రానివ్వడం లేదని హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2024 జులైలో జస్టిస్ నగేశ్ భీమపాక వాళ్లను రానివ్వాల్సిందేనని తీర్పిచ్చారు.

హైదరాబాదులో చీర కట్టుకుని వీధిలోకి వస్తే జైల్లో పెట్టే చట్టం ఉండేదని తెలుసా?

ఫసలీ 1329లో, అంటే 1919లో, నిజాం రాజ్యంలో వచ్చిన ‘నపుంసకుల’ చట్టం అది. నగరంలో నేరాల అనుమానం ఉన్న ప్రతి హిజ్రా పేరూ, చిరునామా రిజిస్టరులో రాయాలి. రిజిస్టరుకెక్కిన వ్యక్తి ఆడవాళ్ల బట్టలతో, నగలతో వీధిలో కనిపించినా, బహిరంగంగా పాడినా ఆడినా వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. ఒక చోటును ఆడవాళ్లకు కేటాయించడం, మగవాళ్లకు కేటాయించడం మనం చూశాం. ఇది మొత్తం నగరాన్నే కొందరికి మూసేసింది. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోయింది. ఆ చట్టం మాత్రం తెలంగాణ చట్టాల పుస్తకాల్లో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో హైకోర్టుకెక్కారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి.భాస్కర్‌రెడ్డి ధర్మాసనం దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా ఆదేశించింది. పింఛను కోసం సర్కారు దగ్గరికి వెళ్లే మనిషికి, తన పేరు పోలీసు రిజిస్టరులో ఉండనక్కర్లేదన్న ధీమా వచ్చేసరికి 104 ఏళ్లు పట్టింది.

రెండు నెలల తేడాతో లండన్, అమరావతి

2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తులు ఏకాభిప్రాయంతో ఒక మాట చెప్పారు: 2010 సమానత్వ చట్టంలో ‘స్త్రీ’ అంటే పుట్టుకతో స్త్రీ. లింగ మార్పిడికి ప్రభుత్వ ధ్రువపత్రం ఉన్నా ట్రాన్స్ మహిళ ఆ నిర్వచనంలోకి రారు. కేసు వేసింది ‘ఫర్ విమెన్ స్కాట్లాండ్’ అనే సంస్థ. ట్రాన్స్ వ్యక్తులకు వివక్ష నుంచి రక్షణ అదే చట్టం కింద కొనసాగుతుందని కూడా తీర్పులో ఉంది.

జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక ట్రాన్స్ మహిళ ఫిర్యాదు మీద తీర్పిచ్చింది. భర్త, అత్తింటివాళ్ల మీద 498-ఏ (వేధింపుల) కేసు. ఆమె పిల్లల్ని కనలేదు కాబట్టి స్త్రీ కాదని అటువైపు వాదన. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను తోసిపుచ్చారు. ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకుందన్నారు. సరైన ఆధారాలు లేవని ఆ కేసును మాత్రం కొట్టేశారు.

ఈ రెండూ వేర్వేరు చట్టాల మీద తీర్పులు, పక్కపక్కన పెట్టి ఒకటి తప్పు ఒకటి ఒప్పు అనలేం. అమరావతి తీర్పు టాయిలెట్ గురించో, హాస్టల్ గురించో చెప్పలేదు. మన 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం కూడా వైద్యం, చదువు, ఉద్యోగం, ప్రజలందరికీ ఉద్దేశించిన సేవల్లో వివక్ష వద్దంటుంది గానీ, ఆడవాళ్లకే అని రాసిన గదిలోకి ట్రాన్స్ మహిళ రావచ్చా అన్నదానికి సూటిగా జవాబు ఇవ్వదు. హింస నుంచి తప్పించుకుని ఆశ్రయానికి వచ్చిన స్త్రీ, తన పక్క మంచం మీద ఎవరుంటారని అడగడం న్యాయమే. చీర కట్టుకున్న ట్రాన్స్ మహిళను మగవాళ్ల టాయిలెట్‌లోకి పొమ్మంటే అక్కడ ఆమెకు ఏం జరుగుతుందో ఆలోచించమనడమూ న్యాయమే. ఒక భయాన్ని ఎగతాళి చేసి రెండోదానికి పరిష్కారం వెతకలేం.

మూడో గది

2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లకు వేరుగా పబ్లిక్ టాయిలెట్లు కట్టమంది. 2022 జనవరిలో కేంద్ర హోం శాఖ జైళ్లలో ట్రాన్స్ పురుషులకు, ట్రాన్స్ మహిళలకు ప్రత్యేక వార్డులు ఉండాలని రాష్ట్రాలకు రాసింది. వీటికంటే పెద్ద మార్పు పెద్దగా చర్చ లేకుండా వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో మరుగుదొడ్లు, స్నానపు గదులు, లాకర్ గదులు స్త్రీలకు, పురుషులకు, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకు విడివిడిగా ఉండాలని రాశారు. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఉన్నవి రెండు వర్గాలే.

అంటే సైనిక్‌పురి పక్కనే ఉన్న చర్లపల్లి, కుషాయిగూడ పారిశ్రామికవాడలకూ ఇది వర్తిస్తుంది. రేపు కార్మిక శాఖ అధికారి తనిఖీకి వెళ్తే హాజరు పట్టీతో పాటు ఆ మూడో గది తాళం కూడా అడిగి తీయించి చూడాలి.