చుక్క కారితే.. నిప్పే!
పాత కార్లలో పెట్రోల్ పైపు జాయింట్లతో జాగ్రత్త

బళ్లారి: ఇంటి ముందు నిలిపిన కారు.. తెల్లారి చూస్తే కింద చిన్న మరక. దగ్గరికెళితే గుప్పున పెట్రోల్ వాసన. 'ఆ.. ఏముందిలే, రెండు చుక్కలేగా' అనుకుని తాళం తిప్పేస్తారు చాలామంది. ఇంజిన్ వేడెక్కాక అవే రెండు చుక్కలు సైలెన్సర్ పైపు మీద పడితే కారు మొత్తం బుగ్గి కావడానికి నిమిషాలు చాలు.

బళ్లారి, హోసూరు, బరంపురం, యానాం.. మనవాళ్లున్న ఏ ఊరు చూసినా పాత బండిని పెద్దాయనలా చూసుకునే ఇళ్లు కొన్నైనా ఉంటాయి. మారుతి 800, అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. పద్మిని అంతకన్నా ముందే పోయింది. బండి నడుస్తోంది కానీ దాని పైపుల వయసును పట్టించుకునేవారు తక్కువ. బళ్లారి ఎండకు రబ్బరు గొట్టాలు పెళుసెక్కుతాయి. బరంపురం పక్కనే గోపాలపూర్ తీరం. ఆ ఉప్పు గాలికి ఇనుప పైపులు తుప్పు పడతాయి.

ఎక్కడ విరుగుతుంది?
ట్యాంకు నుంచి ముందుకు వచ్చే ఇనుప పైపు బండి అడుగుకు కదలకుండా ఉంటుంది. ఇంజినేమో ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది. ఆ అదురంతా పడేది రెండింటినీ కలిపే జాయింటు మీదే. పాత పెట్రోల్ అంబాసిడర్లో పంపు దగ్గర నట్టు కింద పైపు మూతి పగులుతుంది. పద్మిని, మారుతిల్లో నిప్పిల్‌కు తొడిగిన రబ్బరు గొట్టం చివర చీలుతుంది. అడుగున పైపును పట్టి ఉంచే క్లిప్పులు ఊడిపోతే ఈ పని మరింత త్వరగా జరుగుతుంది.

కారకపోయినా అనుమానమే
'ఏమన్నా, చుక్క కారడం లేదు.. బండి మాత్రం ఆగి ఆగి పోతాంది?' షెడ్లలో తరచూ వినిపించే మాట ఇది. కార్బురేటర్ బండ్లలో పంపు ఇంజిన్ దగ్గరే ఉండి ట్యాంకులోంచి పెట్రోల్‌ను పీలుస్తుంది. ట్యాంకుకు, పంపుకు మధ్య జాయింటు చిట్లితే పెట్రోల్ బయటికి రాకుండా గాలి లోపలికి పోవచ్చు. బండి ఎత్తు ఎక్కలేదు, పొద్దున్నే స్టార్టు కాదు. పంపు దాటాక చిట్లితే మాత్రం పెట్రోల్ బయటికే చిమ్ముతుంది. మొదటిది దారిలో ఆపేస్తుంది, రెండోది నిప్పు పెడుతుంది.

బాగు చేసేదిలా..
ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. ట్యాంకు మూత ఒకసారి తెరిస్తే లోపలి ఆవిరి ఒత్తిడి పోతుంది. బీడీ, సిగరెట్, వెల్డింగ్ ఏదీ దరిదాపుల్లో ఉండకూడదు. కారే పెట్రోల్‌ను రేకు డబ్బాలో పట్టాలి.

నట్టు జాయింటు విప్పడానికి రెండు పానాలు కావాలి. ఒకదానితో కింది భాగాన్ని పట్టి ఉంచి, రెండోదానితో నట్టు తిప్పాలి. ఒక్క పానాతో బలవంతం చేస్తే పైపు మెలికపడుతుంది. పగిలిన మూతిని పైపు కట్టర్‌తోనే కోయాలి. రంపం పెడితే ఇనుప పొడి వెళ్లి కార్బురేటర్‌లో కూర్చుంటుంది. కొత్త నట్టును ముందే పైపుకు ఎక్కించి, ఆ తర్వాత మూతిని గరాటులా విచ్చుకునేట్టు చేయాలి. ఈ వరస మరిస్తే మళ్లీ మొదటికే. మొదట నట్టును చేత్తో కొన్ని చుట్లు తిప్పి, మరలు సరిగ్గా పడ్డాకే పానా వేయాలి. బోల్టుతో బిగించే రకమైతే రాగి వాషర్లు కొత్తవే వేయాలి.

రబ్బరు గొట్టమైతే చివర కత్తిరించి మళ్లీ తొడిగే కన్నా మొత్తం మార్చడమే మేలు. పెట్రోల్ కోసం తయారైన గొట్టమే కొనాలి. నీళ్ల గొట్టం పెట్రోల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది. గొట్టం అంగుళం మేరైనా పైపు మీదికి ఎక్కాలి. పైపు చివరన ఉండే ఉబ్బు దాటాక క్లిప్పు బిగించాలి. కట్టుతీగ చుడితే అది గొట్టాన్నే కోస్తుంది.

అన్నీ అయ్యాక జాయింటును పొడిగా తుడిచి, బ్యాటరీ వైరు కలిపి, ఇంజిన్ ఐదు నిమిషాలు నడపాలి. ఆపి, కాగితం ముక్కతో అద్ది చూడాలి. తడి తగిలితే పని పూర్తి కానట్టే.

సబ్బు దారి వరకే
దారిలో ట్యాంకు చెమర్చితే సబ్బు రుద్దడం పాత డ్రైవర్ల చిట్కా. సబ్బు పెట్రోల్‌లో అంత తేలిగ్గా కరగదు కాబట్టి కాసేపు ఆపుతుంది. అదురుతూ ఉండే పైపు జాయింటు మీద దాన్ని నమ్ముకోలేం. ఎం-సీల్ కూడా అంతే, అదురుకు విడిపోతుంది.

ఎంపీఎఫ్ఐ బండ్లయితే సొంత వైద్యం వద్దే వద్దు. కార్బురేటర్ బండి పైపులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు పావు కిలో అటూ ఇటూ ఉంటే, వీటిలో సుమారు మూడు కిలోలు. ఇంజిన్ ఆపినా ఆ ఒత్తిడి పైపులో నిలిచే ఉంటుంది. విప్పగానే ముఖం మీదికి చిమ్ముతుంది. మామూలు గొట్టం, క్లిప్పు దానికి ఆగవు.

కొత్త పెట్రోల్.. పాత రబ్బరు
2025 నాటికి దేశంలో పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. పాతకాలపు రబ్బరు దాని ధాటికి ఉబ్బి, పగులుతుంది. అందుకే జాయింటు విప్పిన రోజే ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నీ ఒకేసారి మార్చడం మంచిది. ఇథనాల్‌కు తట్టుకునే రకమేనా అని కొట్టువాడిని అడిగి మరీ తీసుకోవాలి.

ఇవి మరవద్దు
* నడుస్తుండగా పెట్రోల్ వాసన వస్తే వెంటనే పక్కకు తీసి, తాళం తిప్పి, అందరూ దిగి దూరంగా వెళ్లాలి.
* బోనెట్ కింద పొగ వస్తుంటే గబుక్కున తెరవొద్దు. గాలి తగిలితే మంట ఎగుస్తుంది.
* పెట్రోల్ మంట మీద నీళ్లు పోయొద్దు. పెట్రోల్ నీటిపై తేలి మంట పాకుతుంది. పొడి మంటల సిలిండర్ లేదా ఇసుక వాడాలి.
* నెలకోసారి కారు కింద పాత న్యూస్‌పేపరు పరచి ఉంచండి. తెల్లారేసరికి చుక్క ఎక్కడ పడిందో అదే చెబుతుంది.

మారుతి 800 ట్యాంకు నింపడానికి 28 లీటర్ల పెట్రోల్ పడుతుంది. గొట్టం, రెండు క్లిప్పుల ఖర్చు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు ముందు దాని కడుపు కింద చూడాలి, రంగు సంగతి తర్వాత.