నుమాయిష్‌లో నిలబడేదెవరు?

సంక్రాంతి సెలవులకు ఊళ్లనుంచి చుట్టాలు వస్తే హైదరాబాదులో వున్నవారికి ఒక పని తప్పదు. అందరినీ వెంటబెట్టుకుని నుమాయిష్‌కు తీసుకుపోవాలి. కనుమ వెళ్లీ వెళ్లకముందే పిల్లలు ప్రాణాలు తోడేస్తారు. సూరారంలో కాపురమున్న గృహస్థు సంగతే చూడండి. జీడిమెట్ల కార్ఖానాలలో పనిచేసే వారి కుటుంబాలు ఆ చుట్టుపక్కల మెండు. వారికి తీరిక దొరికేది ఆదివారం. తక్కిన నగరానికీ తీరిక ఆదివారమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

బస్సులో బాలానగరు దాకా వచ్చి మెట్రో ఎక్కితే గాంధీభవన్ స్టేషనులో దిగవచ్చును. మైదానం అక్కడికి దగ్గరే. అంతవరకు సుఖం. ఆపైన టిక్కెట్టుకు ఒక వరుస, లోపలికి పోవడానికి ఒక వరుస, రంగులరాట్నానికి ఒక వరుస, మిర్చి బజ్జీలకు మరొక వరుస. కాదు, బజ్జీల దగ్గర వరుస వుండదు. మోచేతులే వుంటాయి.

1938లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో పబ్లిక్ గార్డెన్సులో మొదలైనప్పుడు ఇది వందా దుకాణాల ముచ్చట. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఇప్పుడు జనవరి 1న తెరిచి, నెలన్నర నడుపుతారు. కాశ్మీరు శాలువలు, లక్నో చికన్ బట్టలు, ఎండు పండ్లు, గాజులు, గరిటెలు, అన్నీ ఒక్కచోటే. వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీవారు విద్యాసంస్థలు నడుపుతున్నారు. కాబట్టి మన కాళ్లనొప్పులు ఏ ఆడపిల్ల చదువుకో పనికివచ్చాయని సరిపెట్టుకోవచ్చు. కాని నొప్పి నొప్పే గదా!

ఈ నిలబడడం మీద కూడా పెద్దలు లెక్కలు కట్టారు. కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితవేత్త 1909లోనే ఇటువంటి లెక్కలకు శ్రీకారం చుట్టాడు. ఆయన చూసింది టెలిఫోను పిలుపులనే అయినా, ఆ శాస్త్రం బజ్జీల బండికీ వర్తిస్తుంది. అందులో మనకు పనికివచ్చే ముక్క ఒకటున్నది. అమ్మేవాడి చేతికి పని నిండుగా వున్న వేళ, వచ్చేవాళ్లు మరికొంచెం పెరిగితే నిరీక్షణ కొంచెం పెరిగి వూరుకోదు, అమాంతం పెరిగిపోతుంది. అంటే రద్దీకి ఒక గంట ముందు వెళ్లినవాడికి కలిసివచ్చేది ఒక్క గంట మాత్రమే కాదన్న మాట. అందుచేత సాయంత్రం అయిదున్నరకే, ఆకలి సరిగా వేయకముందే, తినేయండి. ఎనిమిదింటికి జనమంతా పళ్లేలకోసం ఎగబడుతుంటే మీరు శాలువల దుకాణంలో తీరుబడిగా బేరమాడవచ్చు.

బేరమంటే జ్ఞాపకం వచ్చింది. బట్టల దుకాణం దగ్గర మనం కాచుకునేది వర్తకుడికోసం కాదు, మన ముందున్నావిడ బేరం తెగడానికి! అది తెగేలోపల పక్క వరుసలో నాలుగు దుకాణాలు చూసి రావచ్చు. ఒకే రకం సరుకు చాలాచోట్ల వుంటుంది.

అసలు సంగతి ఇది. కుటుంబం మొత్తానికి కావలసిన నిలబడడమంతా ఒకే మనిషి మీద పడుతుంది. చాలా ఇళ్లలో ఆ మనిషి ఇల్లాలే. "నువ్వు గీడ లైనుల ఉండు, మేం గా రాట్నం ఎక్కి వస్తం" అని ఇంటాయన పిల్లలతో మాయమవుతాడు. వెనక అత్తగారు, "ఇంకెంతసేపు నిలబడాలె బిడ్డా? మోకాళ్లు గుంజుతున్నయి" అంటుంది. "అయిపాయె అత్తమ్మా, ఇంక ఇద్దరే ఉన్నరు" అని కోడలు ఇద్దరిని చూపిస్తుంది. ఆ ఇద్దరి వెనక వాళ్ల ఇంటివారు మరి ఆరుగురు వున్నారని ఆమెకూ తెలియదు. ఇంటికి చేరేసరికి అందరూ నుమాయిష్ చూసి వస్తారు, ఆమె మాత్రం జనం వీపులు చూసి వస్తుంది.

దీనికి మందు బయలుదేరకముందే వేయాలి. ఏ వరుసకు ఎవరు నిలబడతారో ఇంట్లోనే పంచుకోండి. టిక్కెట్లకు బావగారు, తిండికి ఇంటాయన, రాట్నం దగ్గర ఎదిగిన పిల్లలు. ముసలివారిని ఏ వరుసలోనూ పెట్టకండి. ఒక దుప్పటి తీసుకుపోయి, దారికి అడ్డం లేనిచోట కూర్చోబెట్టండి. అదే అందరూ తిరిగి కలుసుకునే చోటు. ఆ గోలలో ఫోను మోగినా వినబడదు. పసివాళ్ల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ వుండాలి.

దారికి అడ్డం లేనిచోట అన్నది వూరికే అన్న మాట కాదు. 2019 జనవరి 30 రాత్రి ఆ మైదానంలో నిప్పంటుకుని ఎన్నో దుకాణాలు కాలిపోయినవి. ప్రాణాలు పోకపోవడం అదృష్టం. బయటికి పోయే దారి ఎటున్నదో లోపలికి రాగానే చూసుకోండి. వరుస ఆ దారిని మూసేస్తుంటే, అక్కడ ఎంత రుచిగల పదార్థం దొరికినా, నిలబడకపోవడమే మంచిది.

పిల్లలతో మరొక కిటుకు. 1985లో మేస్టర్ అనే ఆచార్యుడు నిరీక్షణ మీద ఒక వ్యాసం రాశాడు. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసినదానికన్నా దీర్ఘంగా తోస్తుందని అందులో ఒక మాట. ఖాళీగా వున్నప్పుడు కాలం మరీ సాగుతుందని మరొక మాట. "ఇప్పుడే వచ్చేస్తుంది" అని పిల్లలను మభ్యపెట్టవద్దు. ముందు ఎందరున్నారో వాళ్లచేతనే లెక్కపెట్టించండి. లెక్క తగ్గుతున్నకొద్దీ వాళ్లకు హుషారు. అది కూడా చాలకపోతే సంచీలో పండగ సకినాలు వుండనే వున్నవి.

రాత్రి తిరుగు ప్రయాణం సంగతి కూడా చూసుకోవాలి. మూసే వేళదాకా వుంటే ఆ జనమంతా మెట్రో మెట్ల దగ్గర మీతోపాటే వుంటారు. అరగంట ముందు కదలడం ఉత్తమం. మెట్రో గండం గడిచినా, బాలానగరులో సూరారం బస్సుకోసం నిలబడడం ఒకటి మిగిలే వుంటుంది. 2023 డిసెంబరు నుంచి ఆడవారికి టిక్కెట్టు లేదు గనుక ఖర్చు లేదు గాని, సీటు దొరుకుతుందన్న భరోసా లేదు. సకినాలు అన్నీ మైదానంలోనే కాజేయకుండా నాలుగు అట్టే పెట్టుకోండి.